బొందలగడ్డ బాకీ

నా మైకుసెట్టు దుకాణంల, గల్లాపెట్టె అడుగున
ఎర్రట్ట పుస్తకమొకటుంది.
అండ్ల ఇరవై రెండేండ్ల సంది
ఒక్క పద్దు కొట్టివేత లేకుంట నడుస్తాంది:
బొందలగడ్డ బ్యాండు, బాకీ.

మొదట వాళ్లొచ్చిన్నాడు
పోస్టరు మీది పేరు నాకు చదువరాలె.
తుమ్మకంప గీసిండ్రనుకున్న.
"అక్షరాలే అన్నా" అన్నడు ఓదెలు, సిగ్గుపడుకుంట.
ఇప్పటికీ 'బొం' దాక పోయి ఆగిపోత.

కాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్ల తొలి ఆట.
మూడో పాటకు నా పెట్టె పగిలింది.
నాలుగో పాటకు వాచ్‌మన్ మెయిన్ గుంజిండు.
కోను చిరిగినందుకు రెండు వందల నలభై,
గదే మొదలు.

సమద్ పొద్దంత డీజిల్ షెడ్డుల ఉంటడు,
రాత్రి రెండు కాళ్లతోని అదే ఇంజను నడుపుతడు.
ఇమ్మానియేలు ఆదివారం చర్చిల మెత్తగ వాయించి
సోమవారం అవే వేళ్లతోని గోడలు కూలగొడ్తడు.
రెండో గిటారు సారంగపాణి
పరకాల డిపోల కండక్టరై పోయిండు.
టికెట్ మిషిను మీద ఆయన వేళ్లు
ఇంకా ఉరుకుతనే ఉంటయట.
ఇగ ఓదెలు. ఎంజీఎం ఓపీ కిటికీ కాడ చీటీలు రాస్తడు.
"గట్టిగ మాట్లాడు బిడ్డా, ఇనవడ్తలేదు"
అంటరు ముసలోళ్లు.
గా గొంతే మైకు ముందట
ఎండిన బావిల గుండు దొర్లినట్టు.

ఒక ఏడు పోలండు నుంచి ఉత్తరమొచ్చింది,
మూడు క్యాసెట్లు పంపుమని.
హెడ్ పోస్టాఫీసుల తూకమేస్తే
సరుకు తొంభై, స్టాంపులు నాలుగు వందలు.
నాలుగు వందలూ నా పుస్తకానికే ఎక్కినయి.
గా రాత్రి హన్మకొండ చౌరస్తాల
రెండు చాయ్‌లు నలుగురు తాగుకుంట
పోలండు ఏ దిక్కుంటదని కొట్లాడుకున్నరు.

ఈ మాఘంల ఎనుమాముల పక్కన
మూతబడ్డ జిన్నింగు మిల్లుల పెద్ద జాతర.
పదకొండు బ్యాండ్లు, అందరివీ నల్ల బనీన్లు,
బెంగుళూరు పోరలు, షిల్లాంగు పోరలు.
రాత్రి లైట్లు వాళ్లకు.
మనోళ్లకు పగటిపూట మూడున్నర,
రేకుల సందులకెల్లి ఎండ,
ముందట ముప్పై మంది.

మిర్చి సీజను. గాలంత ఘాటు.
సమద్ కాలు మోపంగనే
దూలాల మీది పాత దూది, మిర్చి దుమ్ము
ఒక్కపారి లేచినయి.
జనమంత దగ్గుడే.
ఓదెలు గూడ దగ్గిండు,
అది పాటల కలిసిపోయింది,
ఎవలికీ తేడా తెల్వలె.

బస్తాల మీద పండుకున్న హమాలీలు లేచొచ్చిండ్రు.
అండ్ల కొమ్రెల్లి అనేటాయన, మెడ మీద కాయ కాసినోడు,
నా మిక్సరు పక్కన నిలవడి చానాసేపు ఇన్నడు.
"ఏమంటుండు?"
"ఏమో. ఇరవై రెండేండ్లాయె, నాకైతే సమజ్ కాలె."
"నాకైతాంది" అన్నడు.
"బస్తా నెత్తికెత్తేటప్పుడు
కడుపులకెల్లి ఒకటొస్తది సూడు,
మాట గాదది. గదే.
కాకపోతే మేం ఒక్కపారి అని దించుతం.
గీయన దించుతనే లేడు."

నేనేం మాట్లాడలె.
ఓదెలు మీటను ఎర్రగీత దాటిచ్చిన,
ఆయన అడగకముందే.
ఎడమ పెట్టె చిరిగింది.

రాత్రి, ఆఖరి బ్యాండు ఇంకా మోగుతుండంగ
ఓదెలు వచ్చి వైర్లు చుట్టవట్టిండు.
గొంతు లేదు. వేళ్లతోని అడిగిండు, మొత్తం ఎంతని.
జేబుల నిర్వాహకులిచ్చిన కవరుంది, మందంగనే ఉంది.
కోను ఏడొందల యాభై అని రాసి
పుస్తకం మూసిన.
"చిల్లర లేదు ఓదెలూ" అన్న,
"మళ్లొచ్చినప్పుడు సూద్దాం తియ్."
ఆయన నవ్విండు, దగ్గిండు.
ఇద్దరం కలిసి పెద్ద పెట్టెను ఆటోలకెత్తినం.
ఎత్తేటప్పుడు నా కడుపులకెల్లి
ఒకటొచ్చింది.